విహారనౌకలలో అంతర్జాల సదుపాయం

సముద్రంపై ప్రయాణించు విహారనౌకలలో ప్రయాణీకులకు, సిబ్బందికి కృత్రిమ ఉపగ్రహాల ద్వారా లభించు ఇంటర్నెట్ సేవను విహారనౌకలలో అంతర్జాల సదుపాయం అంటారు. నౌకా సంస్థలు దీనిని వైఫై అని వ్యవహరిస్తాయి. వైఫై అనునది నౌక లోపలి గదులకు సంకేతాన్ని పంచు ఏర్పాటు మాత్రమే. అసలు సంధానం నౌక పైకప్పు మీది యాంటెనాకు, ఆకాశంలోని ఉపగ్రహానికి మధ్య జరుగును. 1999లో మొదలైన ఈ సదుపాయం చాలాకాలం అధిక ధరకు, అతి తక్కువ వేగానికి పేరుపడినది. 2022 తరువాత నిమ్న కక్ష్య ఉపగ్రహాల రాకతో వేగం బాగా పెరిగినది. ధర మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు.

పూర్వరంగం

నడిసముద్రం నుండి కబురు పంపుట ఏ కాలంలోనూ చౌకగా లేదు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మార్కోని సంస్థ పెద్ద ప్రయాణీకుల నౌకలలో నిస్తంత్రీ యంత్రాలను అమర్చి, తన ఉద్యోగులనే అందులో నియమించెడిది. 1912లో టైటానిక్ నౌకలో మొదటి పది పదాల సందేశానికి 12 షిల్లింగుల 6 పెన్నీలు, ఆపై ప్రతి పదానికి 9 పెన్నీలు వసూలు చేసెడివారు. ఇది ఆనాటి సామాన్య కార్మికుని రెండు మూడు రోజుల కూలికి తక్కువ కాదు. అయినను ధనిక ప్రయాణీకులు సరదా కొరకే సందేశాలు పంపెడివారు. యంత్రం చెడిపోయి బాగుపడిన తరువాత పేరుకొనిపోయిన ఆ సందేశాలను 1912 ఏప్రిల్ 14 రాత్రి కేప్ రేస్ కేంద్రానికి పంపుటలో ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ తలమునకలై ఉండెను. సమీపంలోని కాలిఫోర్నియన్ నౌక మంచు గురించి హెచ్చరించబోగా ఆయన విసుగుకొని ఆపివేసెను. ఒకే సన్నని మార్గం గుండా ప్రయాణీకుల కబుర్లు, నౌక భద్రతా సమాచారం రెండూ పోవలసి వచ్చిన కాలమది. తరువాతి కాలంలో ఈ రెండింటినీ వేరుచేసిరి. 1999 ఫిబ్రవరి 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చిన ప్రపంచ సముద్ర ఆపద, భద్రతా వ్యవస్థ ప్రకారం ఆపద సంకేతాలకు ప్రత్యేక పరికరాలు ఉండవలెను. కాబట్టి ప్రయాణీకుల వైఫై నిలిచిపోయినంత మాత్రాన నౌకకు బయటి ప్రపంచంతో సంబంధం తెగినట్లు భావించరాదు.

1976లో మారిశాట్ ఉపగ్రహాలను అట్లాంటిక్, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద నిలుపుటతో సముద్రంపై ఉపగ్రహ యుగం ఆరంభమైనది. 1979లో ఇన్‌మార్‌శాట్ అను అంతర్జాతీయ సంస్థ ఏర్పడెను. ఇది 1999లో ప్రైవేటు సంస్థగా మారి, 2023లో వయాశాట్ సంస్థలో కలిసినది. ఇన్‌మార్‌శాట్ ఫోనులు నౌకాధికారులకు వరమైనను, ప్రయాణీకునికి నిమిషానికి అనేక డాలర్లు పడుట వలన అత్యవసరానికి తప్ప ఎవరూ వాడెడివారు కారు.

తొలి అంతర్జాల కేంద్రాలు

1999లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ వారి నార్వేజియన్ స్కై నౌకలో ఇంటర్నెట్ కేఫ్ ప్రారంభమైనది. విహారనౌకపై ఇటువంటిది ఇదే మొదటిదని చెబుతారు. కొద్ది సంవత్సరాలలోనే ఇతర సంస్థలు కూడా గ్రంథాలయం పక్కనో, పేకాట గది పక్కనో పది ఇరవై కంప్యూటర్లు పెట్టి కేఫ్‌లు తెరచినవి. పలు నౌకలకు ఎమ్‌టీఎన్ అను సంస్థ వీశాట్ పద్ధతిలో ఉపగ్రహ సంధానాన్ని సమకూర్చెడిది.

2000ల దశకంలో నిమిషానికి 75 సెంట్లు అనునది ఇంచుమించు అన్ని నౌకలలో కనిపించిన ధర. అనగా గంటకు 45 డాలర్లు. అప్పటి మారకం రేటు ప్రకారం ఇది రెండువేల రూపాయలకు పైగా అగును. అదే కాలంలో హైదరాబాదు, విజయవాడ వీధులలోని నెట్ సెంటర్లలో గంటకు 20, 30 రూపాయలు తీసుకొనెడివారు. ఆ నెట్ సెంటరులో గంట సేపు కూర్చున్నవాడు పొందిన పనిని నౌకలో గంట సేపు కూర్చున్నవాడు పొందలేకపోయెడివాడని కూడా గుర్తుంచుకొనవలెను. సెకనుకు 128 కిలోబిట్ల వేగం దొరికినదనుకొన్నను ఒక మెగాబైటు ఫొటో పంపుటకు నిమిషానికి పైగా పట్టును. అనగా ఒక్క ఫొటోకు 75 సెంట్లకు పైమాటే. వేగం సగానికి పడిపోయినచో అదే ఫొటో ధర రెట్టింపగును. నిమిషాల లెక్కలోని అసలు అన్యాయం ఇదియే. మార్గం ఇరుకైన కొలదీ వాడుకరి ఎక్కువ చెల్లించును, సేవ బాగుచేయవలసిన తొందర మాత్రం అమ్మువానికి ఉండదు.

దీనికి ప్రయాణీకులు కొన్ని ఉపాయాలు నేర్చిరి. ఉత్తరాన్ని ముందుగానే నోట్‌ప్యాడులో వ్రాసుకొని, సంధానం కలిపిన వెంటనే అతికించి పంపి, వెంటనే లాగవుట్ అగుట అందులో ముఖ్యమైనది. లాగవుట్ చేయక కిటికీ మాత్రం మూసివేసినచో గడియారం తిరుగుతూనే ఉండెడిది. నూరు నిమిషాల పొట్లం కొన్నవారు మరునాటి ఉదయానికి సున్నా చూచి కౌంటరు వద్ద వాదులాడుట సర్వసాధారణమైన దృశ్యం.

పనిచేయు విధానం

నౌక పై అంతస్తులో తెల్లని పెద్ద గోళాలు కనిపించును. ఇవి రాడోములు. వీటిలో ఉపగ్రహ యాంటెనాలు ఉండును. నౌక అలలకు ఊగుచున్నను, దిశ మార్చుకొనుచున్నను యాంటెనా ముఖం ఉపగ్రహం వైపే ఉండునట్లు గైరోస్కోపులు, మోటార్లు దానిని నిరంతరం సవరించుచుండును. నౌక పొగగొట్టంగాని, స్తంభంగాని అడ్డువచ్చినపుడు ఒక యాంటెనా నుండి మరొక యాంటెనాకు మారవలెను కనుక కనీసం రెండింటిని అమర్చుట వాడుక. ఉపయోగించు తరంగాలలో సి బ్యాండుకు పెద్ద పళ్ళెం అవసరమైనను వానకు అంతగా చెదరదు. కెయు, కెఎ బ్యాండులకు చిన్న పళ్ళెం చాలును, కాని భారీ వర్షంలో సంకేతం బలహీనపడును.

సాంప్రదాయిక వీశాట్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలో ఉండును. భూమితో సమానంగా తిరుగుట వలన ఇవి ఆకాశంలో ఒకేచోట నిలిచినట్లు కనిపించును. ఒక్క ఉపగ్రహం భూగోళంలో సుమారు మూడవ వంతును చూడగలుగుట దీని లాభం. నష్టం దూరంలో ఉన్నది. నౌక నుండి ఉపగ్రహానికి, అక్కడి నుండి భూకేంద్రానికి కాంతి వేగంతో పోయినను దాదాపు పావు సెకను పట్టును. ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు అర సెకను. యంత్రాల జాప్యం కలుపుకొన్నచో సుమారు 600 మిల్లీసెకన్లు. ఒక వెబ్ పేజీ తెరచుకొనుటకు ఇటువంటి రాకపోకలు పదులకొద్దీ జరుగవలెను. అందువలన మార్గం ఖాళీగా ఉన్నను పేజీ మందకొడిగానే తెరచుకొనును. మాటలాడుకొనుటలో ఈ జాప్యం మరింత ఇబ్బందికరం. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవుదురు.

అయితే చాలామంది అనుభవించిన నిదానానికి దూరం కన్న రద్దీ పెద్ద కారణం. వేలమంది ఉన్న నౌక అంతటికీ కలిపి సెకనుకు కొద్ది మెగాబిట్లు మాత్రమే కొన్న రోజులున్నవి. రేవులో ఆగిన రోజున ప్రయాణీకులు ఊరు చూచుటకు దిగిపోవుదురు కనుక నౌకలో వేగం బాగుండును. రేవు లేకుండా పూర్తిగా సముద్రంలో గడచు రోజులలో, అందునా సాయంకాల భోజనానికి ముందు, పరిస్థితి దారుణంగా ఉండును. తెల్లవారుజామున లేచినవారికి మంచి వేగం దొరకునన్నది పాత ప్రయాణీకుల అనుభవం. 2024 జనవరిలో సేవలోనికి వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ నౌకలో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణీకులు, 2,350 మంది సిబ్బంది ఉండగలరు. ఇది ఒక మోస్తరు పంచాయితీ గ్రామం జనాభాకు మించినది. అంతమందీ సాయంత్రం ఆరు గంటలకు ఫొటోలు పంపుదురు.

నౌక శరీరం కూడా ఒక అడ్డంకి. గోడలు, తలుపులు ఉక్కుతో చేయబడినవి కనుక వైఫై సంకేతం ఒక గది నుండి మరొక గదికి సరిగా చేరదు. నడవాలలో, కొత్త నౌకలలోనైతే గది గదికీ, చిన్న ప్రసార పరికరాలను అమర్చవలెను. అందువలన పాత నౌకలో పై యాంటెనా ఎంత మంచిదైనను లోపలి గదిలో సంధానం తెగిపోవుట జరుగును.

అక్షాంశం, కొండలు

భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖపై ఉండుట వలన నౌక ఉత్తరానికి పోవు కొలదీ అది క్షితిజం వైపు దిగుచుండును. ఒకే రేఖాంశంపై ఉన్నదనుకొన్నచో, విశాఖపట్నం వద్ద అది దాదాపు 70 డిగ్రీల ఎత్తున, అనగా ఇంచుమించు నడినెత్తిన కనిపించును. అలాస్కాలోని జూనో వద్ద అది 24 డిగ్రీలకు తగ్గును. నార్వే ఉత్తర అంచున ఉన్న నార్త్ కేప్ వద్ద 10 డిగ్రీలు మాత్రమే. 81 డిగ్రీల అక్షాంశం దాటిన తరువాత అసలే కనిపించదు. అలాస్కా ఇన్‌సైడ్ పాసేజ్‌లోను, నార్వే ఫ్యోర్డులలోను నౌకలు ఎత్తైన కొండల మధ్య ఇరుకైన నీటిమార్గంలో పోవును. గైరంగర్ ఫ్యోర్డులో ఉపగ్రహం ఉత్తమ పరిస్థితిలో 20 డిగ్రీల ఎత్తున ఉండగా, చుట్టూ ఉన్న కొండలు దానిని సులభంగా మరుగుపరచును. కాబట్టి ఎక్కువమంది ఫొటోలు పంపగోరు చోటనే అంతర్జాలం నిలిచిపోవుట ఈ మార్గాలలో ఆనవాయితీగా ఉండెడిది. ఇందులో నౌకా సంస్థ తప్పు ఏమీ లేదు. టికెట్టు అమ్మునపుడు ఈ సంగతి చెప్పకపోవుట మాత్రం తప్పే.

ధరల పద్ధతులు

స్మార్ట్‌ఫోనులు వ్యాపించిన తరువాత నిమిషాల పద్ధతి పనికిరాకుండా పోయినది. ఫోను తనంతట తాను సంధానం కలుపుకొని, తనంతట తాను తాజా పరచుకొనుట వలన వాడుకరికి తెలియకుండానే నిమిషాలు కరిగిపోయెడివి. డిస్నీ సంస్థ 2013 ప్రాంతంలో మెగాబైట్ల లెక్కకు మారినది. విడిగా వాడినచో మెగాబైటుకు 25 సెంట్లు, 100 మెగాబైట్ల పొట్లం 19 డాలర్లు, 1000 మెగాబైట్ల పొట్లం 89 డాలర్లు. ఇది నిమిషాల పద్ధతి కన్న న్యాయమైనదని చెప్పవచ్చును, ఎందుకనగా నిదానానికి జరిమానా లేదు. కాని ఫోనులోని ఫొటోలు వెనుక నుండి భద్రపరచుకొను ఏర్పాటు ఆపివేయనివారికి నూరు మెగాబైట్లు పది నిమిషాలు కూడా వచ్చెడివి కావు. డిస్నీ సైతం తరువాత రోజువారీ పద్ధతికి వచ్చినది.

కార్నివాల్ సంస్థ 2010ల మధ్యలో రోజువారీ శ్రేణులను ప్రవేశపెట్టినది. ఫేస్‌బుక్ వంటి కొన్ని స్థలాలకు మాత్రమే పరిమితమైన శ్రేణి రోజుకు 5 డాలర్లు. మామూలు వాడుక, అధిక వేగం కొరకు అంతకు అనేక రెట్లు. తక్కిన పెద్ద సంస్థలు కూడా ఇదే దారి పట్టినవి. 2020లలో ఒక పరికరానికి రోజుకు ఇంచుమించు 20 నుండి 30 డాలర్లు చెల్లించవలసి వచ్చుట సాధారణమైనది. రోజుకు 20 డాలర్ల చొప్పున ఇద్దరు దంపతులు, రెండు ఫోనులు, ఏడు రోజులు అనుకొన్నచో 280 డాలర్లు అగును. నౌక ఎక్కకముందే కొన్నవారికి కొంత తగ్గింపు ఇచ్చెదరు. ఒక పరికరం నుండి లాగవుట్ అయి మరొక పరికరంలో లాగిన్ అగుటకు సాధారణంగా అనుమతి ఉండును. కాబట్టి భార్యాభర్తలు ఒకే పొట్లాన్ని వంతులవారీగా వాడుకొనవచ్చును. వైకింగ్, వర్జిన్ వాయేజెస్ వంటి కొన్ని సంస్థలు ప్రాథమిక వైఫైని టికెట్టులోనే కలిపినవి. వాటి టికెట్టు ధర కూడా ఆ మేరకు ఎక్కువే.

అంతర్జాలం ధర ఉపగ్రహ ఖర్చును బట్టి మాత్రమే నిర్ణయమగునని భావించుట పొరపాటు. విహారనౌకా వ్యాపారంలో టికెట్టును తక్కువ ధరకు అమ్మి, మద్యం, జూదం, తీరయాత్రలు, అంతర్జాలం వంటి వాటిద్వారా లాభం రాబట్టు పద్ధతి ఉన్నది. 2023లో కార్నివాల్ కార్పొరేషన్ ఆదాయం సుమారు 21.6 బిలియన్ డాలర్లు కాగా, అందులో మూడవ వంతుకు పైగా టికెట్టు కాని ఇటువంటి పద్దుల నుండి వచ్చినది. నడిసముద్రంలో రెండవ దుకాణం ఉండదు కనుక ధర విషయంలో బేరం లేదు. పలు సంస్థలు ప్రయాణీకులు సొంత ఉపగ్రహ పళ్ళాలను, రౌటర్లను వెంట తెచ్చుకొనుటను నిషేధించుటకు సాంకేతిక కారణాలతో పాటు ఇది కూడా ఒక కారణమని ఊహించుట కష్టం కాదు.

సెల్‌ఫోను రోమింగు

అంతర్జాలం కొనని ప్రయాణీకునికి కూడా నౌకలో పెద్ద బిల్లు వచ్చు ప్రమాదం ఉన్నది. పలు నౌకలలో చిన్న సెల్ టవర్లు ఉండును. ఇవి కూడా ఉపగ్రహం ద్వారానే పనిచేయును. ఫోను తెరపై సెల్యులార్ ఎట్ సీ అనిగాని, 901-18 వంటి అంకెలుగాని కనిపించినచో ఫోను నౌక జాలానికి తగులుకొన్నదని అర్థం. 901 అనునది ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ జాలాల సంకేతం. కనుక అమెరికాకో, ఐరోపాకో తీసుకొన్న రోమింగు పొట్లం దీనికి వర్తించదు.

2008లో అమెరికాకు చెందిన ఒక ప్రయాణీకుడు మయామి రేవులో నిలిచియున్న విహారనౌకపై కూర్చొని తన లాప్‌టాపులోని వైర్‌లెస్ కార్డు సాయంతో ఇంటి టీవీలోని ఫుట్‌బాల్ పోటీ చూచెను. ఊరి టవరుకు తగులుకొన్నదనుకొన్న కార్డు నిజానికి నౌక జాలానికి తగులుకొన్నది. ఆ ఒక్క పోటీకి వచ్చిన బిల్లు 28,067 డాలర్లు. వార్తాపత్రికలలో వచ్చిన తరువాత టెలిఫోను సంస్థ దానిని 290 డాలర్లకు తగ్గించినది. ఐరోపా సమాఖ్య 2010లో చేసిన నిబంధన ప్రకారం తీరం నుండి 2 నాటికల్ మైళ్ళ లోపల నౌక సెల్ జాలాన్ని నడుపరాదు.

అమెరికాలోని పిల్లల వద్దకు వచ్చిన తెలుగు తల్లిదండ్రులను బహామాస్ లేక అలాస్కా నౌకాయానానికి తీసుకొనిపోవుట ఇప్పుడు సాధారణమైనది. అటువంటివారి ఫోనులలో భారతీయ సిమ్ రోమింగుతో ఉన్నచో, నౌక కదలుటకు ముందే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తరువాత వైఫై ఒక్కటే తెరచుట క్షేమం. ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నను వైఫై పనిచేయునన్న సంగతి చాలామంది పెద్దవారికి తెలియదు.

మధ్యస్థ, నిమ్న కక్ష్యలు

ఉపగ్రహాన్ని కిందికి దింపినచో జాప్యం తగ్గును, కాని అది ఆకాశంలో నిలువక కదిలిపోవును, కాబట్టి ఎక్కువ ఉపగ్రహాలు కావలెను. గ్రెగ్ వైలర్ 2007లో స్థాపించిన ఓ3బి సంస్థ 8,062 కిలోమీటర్ల ఎత్తును ఎంచుకొన్నది. అంతర్జాలం అందని మిగిలిన 300 కోట్లమంది అను అర్థం వచ్చునట్లు ఆ సంస్థకు పేరు పెట్టిరి. 2013 జూన్ 25న ఫ్రెంచి గయానాలోని కూరూ నుండి మొదటి నాలుగు ఉపగ్రహాలు పైకి పోయినవి. పేద దేశాల కొరకు తలపెట్టిన ఈ సేవకు తొలి పెద్ద వినియోగదారులలో విలాసనౌకలు చేరుట కొంత వింతయే. 2014లో రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ ఆఫ్ ది సీస్ ఓ3బి సేవను అందుకొన్నది. జాప్యం సుమారు 150 మిల్లీసెకన్లకు దిగినది. ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖపైనే తిరుగును కనుక ఇరువైపులా 50 డిగ్రీల అక్షాంశం వరకే చక్కగా పనిచేయును. కరీబియన్ సముద్రానికి ఇది సరిపోయినది, అలాస్కాకు సరిపోలేదు. 2016లో ఎస్ఈఎస్ సంస్థ ఓ3బిని పూర్తిగా కొనుగోలు చేసెను. తరువాతి తరమైన ఎమ్‌పవర్ ఉపగ్రహాలు 2022 డిసెంబరు నుండి ప్రయోగింపబడి, 2024 ఏప్రిల్‌లో సేవ ఆరంభించినవి.

స్పేస్‌ఎక్స్ సంస్థ వారి స్టార్‌లింక్ సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున వేలకొద్దీ ఉపగ్రహాలను తిప్పుచున్నది. మొదటి 60 ఉపగ్రహాల ప్రయోగం 2019 మే నెలలో జరిగినది. ఒక్కొక్క ఉపగ్రహం నౌకకు కొద్ది నిమిషాలు మాత్రమే కనిపించి పోవును. పళ్ళెం కదలకుండానే ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఒకదానినుండి మరొకదానికి మారును. దగ్గరలో భూకేంద్రం లేని నడిసముద్రంలో ఉపగ్రహాలు లేజరు కిరణాలతో ఒకదానికొకటి సమాచారాన్ని అందించుకొనును. 2022 జూన్‌లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ కదలు వాహనాలపై దీనికి అనుమతి ఇచ్చినది. జూలైలో సముద్ర సేవ నెలకు 5,000 డాలర్లు, పరికరాలకు 10,000 డాలర్ల ధరతో మొదలైనది. 2023లో నెలకు 250 డాలర్లతో ఆరంభమగు పరిమిత పథకాలు కూడా వచ్చినవి. ఫ్రీడమ్ ఆఫ్ ది సీస్ నౌకపై పరీక్షించిన తరువాత రాయల్ కరీబియన్ సంస్థ 2022 ఆగస్టు చివర తన నౌకలన్నింటిపై దీనిని అమర్చుటకు నిర్ణయించినది. కార్నివాల్ కార్పొరేషన్ 2022 డిసెంబరులో మొదలుపెట్టి 2024 మే నాటికి తన నౌకలన్నింటిలో పూర్తిచేసెను.

దీనితో నడిసముద్రం నుండి వీడియోలో మాటలాడుట సాధ్యమైనది. ఉత్తర అక్షాంశాల సమస్య కూడా చాలావరకు తీరినది, అయితే ఇరుకైన ఫ్యోర్డులో ఆకాశం కొంతే కనిపించును కనుక అంతరాయాలు పూర్తిగా పోలేదు. ఒకే సంస్థపై ఆధారపడుట కొత్త బలహీనత. 2025 జూలై 24న స్టార్‌లింక్ అంతర్గత సాఫ్ట్‌వేర్ లోపం వలన ప్రపంచమంతటా సుమారు రెండున్నర గంటలపాటు నిలిచిపోయినది. ఈ కారణంగా పెద్ద సంస్థలు భూస్థిర, మధ్యస్థ కక్ష్య సంధానాలను పూర్తిగా వదలక వెనుక ఆధారంగా ఉంచుకొనుచున్నవి. మరొక చిక్కు చట్టానికి సంబంధించినది. తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు, అనగా సుమారు 22 కిలోమీటర్ల వరకు, ఆ దేశపు ప్రాదేశిక జలాలు. ఆ దేశం అనుమతించని ఉపగ్రహ సేవను అక్కడ ఆపివేయవలెను. రేవు సమీపించుచుండగా వేగం హఠాత్తుగా పడిపోవుటకు ఇది ఒక కారణం.

సిబ్బంది పరిస్థితి

ప్రయాణీకునికి అంతర్జాలం వారం రోజుల సౌకర్యం. నౌకలోని వంటవానికి, గదులు శుభ్రపరచువానికి అది ఆరు నుండి తొమ్మిది నెలలపాటు ఇంటితో ఉన్న ఒకే బంధం. సిబ్బందికి ప్రయాణీకుల కన్న తక్కువ ధరకు కార్డులు అమ్మెడివారు, కాని వారి జీతంతో పోల్చినచో అది చిన్న మొత్తం కాదు. భారతదేశం, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల నుండి వచ్చిన ఉద్యోగులు రేవులో దొరికిన రెండు మూడు గంటలలో ఊరు చూడక, ఉచిత వైఫై ఉన్న కాఫీ దుకాణంలోనో, నావికుల సంక్షేమ కేంద్రంలోనో గోడ వెంబడి కూర్చొని ఇంటికి ఫోను చేయుట ప్రతి విహార రేవులోనూ కనిపించు దృశ్యం. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి నౌకా ఉద్యోగాలకు పోయినవారి కుటుంబాలకు ఈ ఎదురుచూపు కొత్త కాదు.

2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికకు 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23న అమలులోనికి వచ్చినవి. వీటి ప్రకారం నౌకలపై కల్పించవలసిన వినోద, సంక్షేమ సదుపాయాలలో సామాజిక సంధానం కూడా చేరినది. సాధ్యమైనంతవరకు అంతర్జాలం కల్పించవలెనని, రుసుము తీసుకొన్నచో అది సమంజసంగా ఉండవలెనని మార్గదర్శక భాగంలో ఉన్నది. ఈ రెండింటి మధ్య తేడాను గమనించవలెను. మొదటిది తప్పనిసరి నియమం, రెండవది మార్గదర్శకం మాత్రమే. సమంజసమైన ధర ఎంత అన్నది ఒడంబడికలో లేదు.

డైమండ్ ప్రిన్సెస్

అంతర్జాలం నౌకలో విలాస వస్తువా, అవసర వస్తువా అను ప్రశ్నకు 2020 ఫిబ్రవరిలో జవాబు దొరికినది. జపానులోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ నౌకను కరోనా వైరస్ కారణంగా ఫిబ్రవరి 5 నుండి నిర్బంధంలో ఉంచిరి. అందులో 3,711 మంది ఉండిరి. 700 మందికి పైగా వ్యాధి సోకినది. ప్రయాణీకులు కిటికీ లేని గదులలో సైతం రోజుల తరబడి ఉండవలసి వచ్చెను. సంస్థ ప్రయాణీకులకు అంతర్జాలాన్ని, ఫోనును ఉచితం చేసెను. మందులు అయిపోయినవారు, భాష రానివారు తమ అవసరాలను బయటికి తెలుపుకొన్నది ఈ సంధానం ద్వారానే.

ఆ నౌకలో 138 మంది భారతీయులు ఉండగా, వారిలో 132 మంది సిబ్బంది. ప్రయాణీకులు గదులలో ఉండగా సిబ్బంది పక్కపక్కనే నిద్రించుచు, వారికి భోజనాలు అందించుచు పనిచేయవలసి వచ్చెను. తమను కాపాడవలెనని భారత ప్రభుత్వాన్ని వేడుకొనుచు వారిలో కొందరు నౌక నుండి పంపిన వీడియోలు దేశమంతటా ప్రసారమైనవి. ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానంలో 119 మంది భారతీయులు, ఐదుగురు విదేశీయులు ఢిల్లీకి చేరుకొనిరి. ఇరవై సంవత్సరాలకు ముందు ఇదే జరిగియున్నచో సిబ్బంది మాట నౌక దాటి వచ్చుటకు మార్గమే ఉండెడిది కాదు.

భారతదేశంలో

భారత ప్రాదేశిక జలాలలో ఉపగ్రహ ఫోనులను అనుమతి లేకుండా వాడుట నిషిద్ధం. 2008 ముంబై దాడుల తరువాత ఈ విషయంలో జాగ్రత్త మరింత పెరిగినది. తురయా, ఇరిడియం ఫోనులు వెంట తెచ్చుకొని చిక్కులలో పడిన విదేశీ యాత్రికులు ఉన్నారు. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం విమాన, సముద్ర సంధాన నియమాలను ప్రకటించినది. వీటితో భారత జలాలలోని నౌకలపై, లైసెన్సు పొందిన సంస్థల ద్వారా అంతర్జాలం, ఫోను సేవలు ఇచ్చుటకు వీలు కలిగినది. 2019లో టాటా వర్గానికి చెందిన నెల్కో సంస్థ ఈ సేవను ఆరంభించినది. స్టార్‌లింక్‌కు భారతదేశంలో టెలికాం శాఖ లైసెన్సు 2025 జూన్‌లోను, ఇన్‌స్పేస్ అనుమతి జూలైలోను లభించినవి.

దేశీయ విహారయానంలో ప్రముఖమైన కార్డెలియా క్రూయిజెస్ 2021 సెప్టెంబరులో ముంబై నుండి ఎంప్రెస్ నౌకతో మొదలైనది. 1990లో నిర్మించిన ఈ నౌక పూర్వం రాయల్ కరీబియన్ వారిది. 2022 జూన్‌లో ఇది విశాఖపట్నం వచ్చి, అక్కడి నుండి పుదుచ్చేరి, చెన్నై మార్గంలో ప్రయాణించినది. 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనది. తూర్పు తీరం వెంబడి పోవు ఇటువంటి చిన్న ప్రయాణాలలో రేవు విడిచిన కొంతసేపటి వరకు మామూలు మొబైల్ సంకేతం అందును. తీరం కనుమరుగైన తరువాత అది నిలిచిపోవును. రెండు రాత్రుల ప్రయాణానికి అంతర్జాల పొట్లం కొనుట అవసరమా అన్నది ప్రయాణీకుని పనిని బట్టి ఉండును. అయితే ఇంటి వద్ద చిన్న పిల్లలు, జబ్బుతో ఉన్న పెద్దలు ఉన్నవారు నౌక కార్యాలయపు ఫోను నంబరును ముందుగానే ఇంటివారికి ఇచ్చి ఎక్కుట మేలు.